సరేనండి, ఉంటాను

లోకంలో కాలం రెండు రకాలుగా నడుస్తుందని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమైనది. ఒకటి ఉద్యోగం ఇచ్చేవారి కాలం, రెండోది పుచ్చుకునేవారి కాలం. ఒక మనిషికి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి కంపెనీకి ఒక చలికాలం, ఒక ఎండాకాలం, వానాకాలంలో సగం పడతాయి. ఆ ఉద్యోగం పుచ్చుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి మనిషికి శుక్రవారం సాయంత్రం దాకా గడువుంటుంది. (ఏ శుక్రవారం అని అడక్కండి. ఎప్పుడూ ఈ వచ్చే శుక్రవారమే.) ఇందులో అన్యాయమేమీ లేదు. కంపెనీలో తలకాయలు చాలా ఉంటాయి, అన్నీ ఊగాలి. మనిషికి ఉన్నది ఒకటే తల, దాన్ని ఊపడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ ధర్మసూక్ష్మం కాటా అక్కకు కాస్త ఆలస్యంగా బోధపడింది.

కాటా అక్క అంటే తూకం యంత్రాల కంపెనీలో పరీక్ష గది చూసుకునే మనిషి. దుకాణాలకూ ఆసుపత్రులకూ వెళ్ళాల్సిన ప్రతి కాటా ముందుగా ఆవిడ బల్ల మీదికెక్కి, నిజమే చెబుతున్నానని రుజువు చేసుకున్నాకే గడప దాటుతుంది. ఆ గదిలో కిటికీ తెరవకూడదు, గాలికి పళ్ళెం కదులుతుంది. ఫ్యాను వేయకూడదు. తూకపు రాళ్ళను వట్టి చేత్తో ముట్టకూడదు, వేళ్ళ జిడ్డు కూడా బరువే. అందుకని ఆవిడ చేతులకు తొడుగులు వేసుకుని, ఉక్కపోతలో, చేతుల్లేని చెక్క కుర్చీలో కూర్చుని పనిచేస్తుంది. నాలుగేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. మనిషి మాత్రం వెన్నపూస. ఎవరితోనైనా ఒక్క మాట గట్టిగా అన్న పాపాన పోలేదు.

ఆవిడ ఉండేది పని ఊళ్ళో, ఆడవాళ్ళ హాస్టల్లో, కిటికీ పక్క మంచం. ఇల్లు వేరే ఊళ్ళో, రైలెక్కితే తెల్లారేసరికి వస్తుంది. ఆ ఇంట్లో కళ్ళద్దాల షాపు నడుపుకునే భర్త, ఒకటో తరగతి చదివే కూతురు ఉంటారు. ఒకరోజు బళ్ళో టీచరు "మీ అమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగితే పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "ఫోన్లో" అంది. టీచరు నవ్వింది. భర్త కూడా నవ్వుతూనే చెప్పాడు. కాటా అక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటి ఊళ్ళో లారీల కాటాలు తయారుచేసే కొత్త కంపెనీ ఒకటి ఉంది. ఆ సాయంత్రమే దానికి దరఖాస్తు పెట్టింది.

ఇక్కడ భాష గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ముందు కథ అర్థం కాదు. మనది మర్యాదస్తుల భాష. మనవాళ్ళు ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు 'వస్తాను' అంటారు. ఫోను పెట్టేసి ఎవరి దారిన వాళ్ళు పోయేటప్పుడు 'ఉంటాను' అంటారు. 'పోతాను' అని మాత్రం చచ్చినా అనరు. కాటా అక్కను వాళ్ళమ్మ చిన్నప్పుడు ఈ విషయంలో రెండు తగిలించి మరీ పెంచింది. "పోతానేంటే పోతాను? అపశకునప్పక్షీ! వస్తానమ్మా అనాలి. నోరు మంచిదైతే ఊరు మంచిది" అనేది. దాంతో కాటా అక్క నోరు ఎంత మంచిదైపోయిందంటే, రాంగ్ నంబరు వాళ్ళకు కూడా 'సరేనండి, ఉంటాను' అని చెప్పిగాని ఫోను పెట్టదు.

రోజూ సాయంత్రం కూతురితో కూడా అంతే.

"సరే తల్లీ, ఉంటాను."

"ఉంటానంటావ్. ఉండవుగా," అనేది ఆ పిల్ల, కోపం కూడా లేకుండా.

కొత్త కంపెనీవారి ఎంపిక చలికాలంలో మొదలైంది. మొత్తం ఆరు రౌండ్లు. ప్రతి రౌండులోనూ కొత్తవాళ్ళు కూర్చుని "మీ గురించి చెప్పండి" అన్నారు. ఐదో రౌండుకు వచ్చేసరికి కాటా అక్కకు తన గురించి వినీ వినీ తన మీదే విసుగొచ్చింది. రౌండుకూ రౌండుకూ మధ్య ఎప్పుడు ఫోను చేసినా "మేమే చెప్తాం మేడం" అన్నారు. (ఆ వాక్యంలో క్రియ ఉంది గాని కాలం లేదు.) ఆరో రౌండుకు సెలవు పెట్టి, రైలెక్కి, స్వయంగా వెళ్ళింది. ముగ్గురు పెద్దమనుషులు గంటసేపు ప్రశ్నలడిగారు. అయ్యాక ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు దగ్గర వెనక్కి తిరిగి, అలవాటు ప్రకారం "సరేనండి, వస్తాను" అంది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, సంతోషంగా ఏదో రాసుకున్నారు.

బుధవారం నాడు పరీక్ష గదిలో ఫోను మోగింది. మాట్లాడుతున్నది కొత్త కంపెనీలో ప్రతిభా ఆకర్షణ అధికారి. గొంతు చక్కెర పాకంలా ఉంది.

"కంగ్రాట్స్ మేడం! ఆఫర్ పంపించాం. మామూలుగా అందరికీ వారం గడువిస్తాం. మీరు ముందే వస్తానన్నారు కదా, వస్తానన్నవాళ్ళకి వారం ఎందుకని శుక్రవారం సాయంత్రం ఐదింటికి కుదించాం."

"నేనెప్పుడన్నానండీ?"

"తలుపు దగ్గర అన్నారు మేడం. అంత్యక్రియలో నమోదైంది."

కంగారుపడకండి. మన వాక్యంలో క్రియ ఆఖర్న వస్తుంది. అవతలి మనిషి ఎంత సోది చెప్పినా, తేలేది చివరి మాట దగ్గరే. ఈ రహస్యం కనిపెట్టిన కంపెనీల సమాఖ్య ఒక యంత్రాన్ని తయారుచేయించింది. అది సంభాషణ మొత్తం హాయిగా నిద్రపోతుంది. చిట్టచివరి క్రియ వినపడగానే లేచి, దాన్ని పట్టుకుని, అన్ని కంపెనీల ఉమ్మడి రికార్డులో వేసి, మళ్ళీ పడుకుంటుంది. అంత్యమైన క్రియను పట్టేది కాబట్టి దానికి అంత్యక్రియ అని పేరు పెట్టారు. (పెట్టినవారు వ్యాకరణ పండితులు. ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉన్నట్టు వారి దృష్టికి ఎవరూ తీసుకురాలేదు.)

ఏమైతేనేం, తన మర్యాదే తనకు ఉద్యోగం తెచ్చిపెట్టిందని కాటా అక్క మురిసిపోయింది. అప్పటికప్పుడు సంతకం పెట్టేసేదే. ముందుగా ఇంటికి ఫోను చేసి చెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. ఇంట్లో ఆ సమయానికి భర్త వైపు బాబాయి ఉన్నాడు. సలహాల బాబాయి అంటే అందరికీ తెలుసు. ఉద్యోగజీవితమంతా ఒకే ఆఫీసులో ఒకే బల్ల ముందు గడిపి, రిటైరయ్యాక ఉద్యోగాలు మారడం ఎలా అనే విషయం మీద నిపుణుడైన మనిషి.

"వెంటనే ఒప్పుకుంటావా? పిచ్చిపిల్లా! అలుసైపోతావమ్మా," అన్నాడు ఫోను లాక్కుని. "వంకాయలు కొనేటప్పుడు కూడా నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కొస్తాం కదా? మీ పాతవాళ్ళ చెవిన వెయ్యి. వాళ్ళూ ఏదో ఒకటి ఇస్తామంటారు. రెండు చేతుల్లో రెండు ఆఫర్లుంటే అప్పుడూ, మనిషికి విలువ."

"నాకు రెండోది వద్దు బాబాయిగారూ. ఇంటికి రావాలి, అంతే."

"వద్దన్నా ఉండాలమ్మా. పోటీ ఆఫర్ అనేది గొడుగు లాంటిది. వాన రాకపోయినా చంకలో ఉండాలి."

ఎటూ పాతవాళ్ళకు చెప్పక తప్పదు. వాళ్ళ నియమం ప్రకారం మానేసే మనిషి మూడు నెలల ముందు నోటీసివ్వాలి. కొత్తవాళ్ళ నియమం ప్రకారం చేరే మనిషి వచ్చే ఒకటో తేదీకి చేరాలి. ఈ రెండు నియమాలూ కలిసి బతకలేవని ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ అది అభ్యర్థి స్వవిషయం. కాటా అక్క వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పింది. అతను మంచివాడు, పెద్దాఫీసుకు కబురు పెట్టాడు. గంటలోపే పెద్దాఫీసు నుంచి ప్రతిభా నిలుపుదల అధికారి ఫోను చేసింది. ఆవిడ మొన్నమొన్నటిదాకా సెలవుల తిరస్కరణ విభాగం చూసిన మనిషి. మనుషుల్ని ఎక్కడివాళ్ళనక్కడ ఉంచడంలో ఆవిడకున్న అనుభవం ఇంకెవరికీ లేదు.

"మీరు మాకు కుటుంబసభ్యులతో సమానమండీ," అంది ఆవిడ.

"మా కుటుంబం ఆ ఊళ్ళో ఉందండీ, అందుకనే..."

"చేతులున్న కుర్చీ ఇస్తున్నాం మేడం."

చేతులున్న కుర్చీ కోసం కాటా అక్క పెట్టుకున్న అర్జీలు బరువు తూస్తే బల్ల మీద పెద్ద కాటాయే కావాలి. నడుంనొప్పితో హాస్టల్ మంచం మీద బోర్లా పడుకున్న రోజులున్నాయి. అప్పుడు రాని కుర్చీ ఇప్పుడొచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని ఊరికే అనలేదు.

"కుర్చీ వద్దండీ. మా పాప అమ్మంటే ఫోననుకుంటోంది. నాకు ఇంటికెళ్ళాలనుంది. నోటీసు తగ్గించి నన్ను వదిలిపెట్టండి, మీకు పుణ్యముంటుంది."

ఈ సంగతే ఆవిడ పది రకాలుగా చెప్పింది. నిలుపుదల అధికారి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"పూర్తిగా అర్థమైందండీ. నేనూ తల్లినే."

ఆ మాటకు కాటా అక్క కళ్ళు చెమర్చాయి. "చాలా థాంక్సండీ. సరేనండి, ఉంటాను," అంది.

యంత్రం నిద్ర లేచింది.

కాసేపటికి పరీక్ష గది తలుపు తెరుచుకుంది. ఇద్దరు మనుషులు చేతులున్న కుర్చీ మోసుకొచ్చారు. వెనకాలే సూపర్‌వైజరు చప్పట్లు కొడుతూ వచ్చాడు. ఆ గాలికి బల్ల మీద పళ్ళెం ఊగిపోయింది. నోటీసు బోర్డు మీద 'ఉంటానన్నవారు' అనే శీర్షిక కింద కాటా అక్క ఫొటో అంటించారు. ఆ బోర్డులో అప్పటికే చాలామంది ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ ఉంటానన్న కళ లేదు.

ఆవిడ పరుగున వెళ్ళి నిలుపుదల అధికారికి ఫోను చేసింది.

"అయ్యో, అది ఫోను పెట్టేసేటప్పుడు అందరూ అనే మాటండీ!"

"అవునండీ. అందుకే మా నిలుపుదల శాతం చాలా బాగుంటుంది."

"మరి నేనంతసేపు చెప్పిందో?"

"నేను విన్నానండీ. యంత్రం వినలేదు. జీతాలిచ్చేది యంత్రం విన్నదానికే కదా."

"అయితే ఇప్పుడు చెప్తున్నాను, రాసుకోండి. నేను మానేస్తున్నాను. మానేస్తున్నాను!"

"రాసుకున్నానండీ. ఇంకేమైనా సాయం కావాలా?"

"ఏమీ వద్దండీ, ఉంటాను."

ఫోను పెట్టాక గాని కాటా అక్కకు తను చేసిన పని తెలిసిరాలేదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కొత్త కుర్చీలోనే కూలబడింది. సాయంత్రానికి రెండోసారి కూడా ఉంటానన్నందుకు ప్రశంసాపత్రం వచ్చింది.

మర్నాడు చక్కెర పాకం గొంతు మళ్ళీ పలికింది, పాకం కాస్త ముదిరింది.

"మేడం, మీరు మాతో వస్తానన్నారు. అక్కడ ఉంటానన్నారు, అదీ రెండుసార్లు. వచ్చేవాళ్ళు ఉండరు, ఉండేవాళ్ళు రారు. దీన్ని మేం ద్వంద్వక్రియ అంటాం."

"నేను వస్తానండీ! నా పాప మీద ఒట్టు."

"అయితే అక్కడి 'ఉంటాను' రద్దు చేయించుకోండి. రేపు ఐదింటిలోపు. లేదంటే మీ వెనకాల ఉన్న అభ్యర్థికి వెళ్ళిపోతుంది. ఆయన మాతో 'చూస్తాను' అన్నారు. మేం దాన్ని సగం అంగీకారంగా తీసుకుంటాం."

అలా కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది కాటా అక్క పని. రద్దు చేసే పద్ధతి నియమావళిలో చాలా సులభంగా ఉంది. ఉద్యోగి ఫోను చేయాలి. సంభాషణ చివర్న, ఉండడానికి వ్యతిరేకమైన క్రియ ఒకటి పలకాలి. ఏమీ పలక్కుండా పెట్టేస్తే లైను కట్టయినట్టు లెక్క. నిలుపుదల అధికారి తనంతట తాను ఫోను పెట్టేయడం మర్యాద కాదు గనక ఆవిడ పెట్టదు.

సూపర్‌వైజరు పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు. మొదటిసారి ఆవిడ ఊపిరి బిగబట్టి, చివర్న "వెళ్ళొస్తానండీ" అంది. వెళ్ళి వస్తాననడం సెలవు కిందికి వస్తుందని, తిరిగివచ్చే తేదీ చెప్పలేదు గనక ఆ సెలవును తిరస్కరించామని వెంటనే సందేశం వచ్చింది.

"కాదక్కా, గంభీరంగా చెప్పాలి. 'ఇక సెలవు' అనెయ్యండి," అన్నాడు సూపర్‌వైజరు.

అనేసింది. ఇందులో అసలు క్రియే లేదని యంత్రం కాసేపు తికమకపడి, ఆ తర్వాత దీన్ని కూడా సెలవుల విభాగానికే పంపింది. సెలవులు మిగల్లేదని, పైగా ఒకే రోజు రెండు సెలవులు అడగడం క్రమశిక్షణారాహిత్యమని జవాబు వచ్చింది. మూడోసారి "సెలవు తీసుకుంటానండీ" అంది. దానికి జవాబు కూడా రాలేదు, హెచ్చరిక వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి భర్తతో సాధన చేసింది. అతను నిలుపుదల అధికారిలా గొంతు మార్చి "ఇంకేమైనా సాయం కావాలాండీ?" అనాలి, ఈవిడ 'ఉంటాను' అనకుండా పెట్టెయ్యాలి. చేసిన ప్రతిసారీ నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఏమీ అనకుండా టక్కున పెట్టెయ్యొచ్చుగా?" అన్నాడు భర్త, సాధన కోసమే.

"అలా ఎలా పెట్టేస్తామండీ? మనుషులం కాదూ?"

"మనుషులమే. అదే వచ్చింది చిక్కు."

వెనకనుంచి పిల్ల గొంతు వినపడింది. "అమ్మా! పోతా అను. ఆటలో తొండి చేస్తే నేనలాగే అంటా. పోతా అని వచ్చేస్తా."

ఆ మాట ఫోనుకు అటూ ఇటూ పెద్దవాళ్ళిద్దరి మనసుల్లోనూ ఉంది, నాలుక మీదికి రానిచ్చే ధైర్యమే లేదు. పిల్లను కసరాలి కాబట్టి భర్త "తప్పు, అలా అనకూడదు" అన్నాడు, కానీ మెల్లగా అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కాటా అక్క పని ముగించి, తూకపు రాళ్ళన్నీ వాటి పెట్టెలో సర్దింది. చేతి తొడుగులు తీసి మడత పెట్టింది. మనసులో వాళ్ళమ్మకు క్షమాపణ చెప్పుకుంది. ఫోను చేసి, నిలుపుదల అధికారి కుశలప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబులిచ్చి, ఆఖర్న కళ్ళు గట్టిగా మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట అంది.

"నేను పోతున్నానండీ."

ఫోను పెట్టేసింది. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు అనిపించింది. నోటికి అంత శక్తి ఉంటుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

యంత్రం ఆ క్రియను పట్టుకుని, ఉమ్మడి రికార్డులో వెతికి, సరైన శీర్షిక కింద చేర్చింది. పావుగంటలో సూపర్‌వైజరు చేతిలో సందేశంతో వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అక్కా... ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు పోయారట."

"ఎక్కడికి?"

"అదే అక్కా. పోయారు."

సర్క్యులర్ ప్రకారం అందరూ పని ఆపి రెండు నిమిషాలు మౌనం పాటించాలి. గుమాస్తాలు, ప్యాకింగువాళ్ళు, డ్రైవరు, అందరూ పరీక్ష గదిలోకి వచ్చి తలలు దించుకుని నిలబడ్డారు. అందరూ నిలబడితే తనొక్కతే కూర్చోవడం బాగుండదని కాటా అక్క కూడా లేచి నిలబడింది. చేతులున్న కుర్చీని గౌరవసూచకంగా ఖాళీగా ఉంచారు. (ఆ తర్వాత దాన్ని సూపర్‌వైజరు గదిలోకి మార్చారు.) బోర్డు మీద ఫొటోను 'ఉంటానన్నవారు' నుంచి తీసి, కింద ఇంకో వరసలో అంటించారు. ఆ వరసలో ఉన్నవాళ్ళ మొహాలు కాస్త తేటగా ఉన్నట్టు ఆవిడకు అనిపించింది.

పొరపాటు సరిచేయిద్దామని పెద్దాఫీసుకు ఫోను చేస్తే నిలుపుదల అధికారి గొంతు బొంగురుపోయి ఉంది.

"పోయినవాళ్ళ ఫోన్లు తీసుకునే వీలు మాకు లేదండీ. ఆవిడ ఎంత మంచి మనిషనుకున్నారు! ఎప్పుడు ఫోను చేసినా ఉంటానండీ, ఉంటానండీ అనేవారు."

"ఆవిడ నేనేనండీ!"

"మీకు దగ్గరివాళ్ళై ఉంటారు. గుండె దిటవు చేసుకోండి," అని, పోయినవాళ్ళ దగ్గర మర్యాద నియమం వర్తించదు గనక, ఆవిడే ఫోను పెట్టేసింది.

ఇక కాటా అక్కకు ఏడుపొక్కటే తక్కువ. ఐదు కావస్తోంది. రెంటికీ చెడ్డ రేవడినైపోయాను, పాపకు మళ్ళీ ఫోనే గతి అనుకుంటూ కొత్త కంపెనీకి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఉంటాను రద్దయింది మేడం. ఇప్పుడు మీ స్థితి... పోయినవారు. ఒక్క నిమిషం. పోయినవాళ్ళకి నోటీసు పీరియడ్ ఉండదు కదూ?"

"ఉండదేమోనండీ."

"అంటే రేపే చేరిపోవచ్చు! ఇంత తొందరగా చేరేవాళ్ళు దొరకడం ఎంత కష్టమో తెలుసా మేడం? అందరూ మూడు నెలలు, రెండు నెలలు అంటారు. చేతిలో వేరే ఆఫర్లేమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"పోయాక ఎవరిస్తారు లెండి. సంతకం పెట్టెయ్యండి."

ఐదు కొట్టకముందే పెట్టేసింది. హాస్టల్ గది ఖాళీ చేసి, రెండు సంచులతో రైలెక్కి, ఇల్లు చేరింది. తలుపు తీసిన పిల్ల ముందు తల్లి వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ఆ తర్వాత తల్లి చేతిలో సంచుల్ని లెక్కపెట్టింది. ఎప్పుడూ ఒక సంచీయే వచ్చేది.

ఆ తర్వాత రోజుల్లో ఆ ఇంట్లో ఏ గొప్ప సంగతీ జరగలేదు. పొద్దున పిల్ల జడలు వేయడానికి నాన్న బదులు అమ్మ కూర్చుంది. సాయంత్రం కొత్త కంపెనీ నుంచి వచ్చాక ముగ్గురూ ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు. ఫోను అలమర మీద దాని మానాన అది పడి ఉంది. ఆఫీసులో గేటు మనిషి ఆవిడ కార్డు చూసినప్పుడల్లా 'పోయినవారు' అని చదివి, అయ్యో పాపం అని లోపలికి వదులుతున్నాడు, అంతే. కాటా అక్కకు ఇంత సుఖం ఉంటుందని తెలిస్తే ఎప్పుడో పోయేది.

"అమ్మా, నువ్వీమధ్య ఉంటానని అన్లేదేం?" అని అడిగింది పిల్ల, పక్క మీద పడుకుని.

"ఉన్నా కదే. ఉన్నవాళ్ళు మళ్ళీ చెప్పక్కర్లేదు."

పిల్ల ఆలోచించి, అలాగేనన్నట్టు తలూపింది. ఆ పిల్లకు అప్పటికే ఈ విషయం మీద ఒక అవగాహన ఉంది. ఉండేవాళ్ళు ఉంటాననరు. అన్నారంటే ఇంట్లో లేరన్నమాట. అంత్యక్రియ యంత్రం చేసినవాళ్ళకన్నా ఆ పిల్లకు వ్యాకరణం బాగా వచ్చు.

బుధవారం సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చోబోతుండగా భర్త ఫోను మోగింది. పాత కంపెనీ పెద్దాఫీసు నుంచి, నిలుపుదల అధికారి.

"మీ శ్రీమతిగారు పోయినందుకు మా ప్రగాఢ సానుభూతి అండీ."

"అబ్బే, అదేం లేదండీ. ఇక్కడే ఉంది. వంటింట్లో చేతులు కడుక్కుంటోంది."

"మొదట్లో అలాగే అనిపిస్తుందండీ," అంది ఆవిడ ఎంతో ఆర్ద్రంగా. "మా అమ్మమ్మ పోయినప్పుడు నాకూ వంటింట్లో చప్పుడు వినపడేది."

"కాదండీ, నిజంగా..."

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. కంపెనీ మీ కుటుంబాన్ని వదిలెయ్యదని చెప్పడానికే చేశాను. పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి అదే ఉద్యోగం ఇవ్వడం మా సంప్రదాయం. కారుణ్య నియామకం అంటాం. ఆవిడ పరీక్ష గది ఇప్పుడు ఖాళీగా ఉంది. హాస్టల్ కూడా చూశాం, మగవాళ్ళది, కిటికీ పక్క మంచం."

"నాకు కాటాల పని తెలీదండీ. నాది కళ్ళద్దాల షాపు."

"అర్హత ఒకటే అండీ, పోయినావిడకు భర్త అయ్యుండాలి. ఆఫర్ పంపించాం. తొందరేం లేదు, బాధలో ఉన్నారు, నిదానంగా ఆలోచించుకోండి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు చెప్తే చాలు."

అతను వద్దన్నాడు. వద్దని మూడు రకాలుగా చెప్పాడు. షాపు సంగతి, పిల్ల బడి సంగతి, భార్య ఇప్పుడిప్పుడే ఇల్లు చేరిన సంగతి, అన్నీ వివరించాడు. నిలుపుదల అధికారి ఎక్కడా అడ్డు రాకుండా విన్నది. అన్నీ విని, "పూర్తిగా అర్థమైందండీ. ధైర్యంగా ఉండండి. ఏ అవసరం వచ్చినా మేమున్నాం," అంది. ఆ గొంతులో నిజంగానే కన్నీళ్ళున్నాయి. ఊరూ పేరూ తెలియని ఆడమనిషి తన కోసం అంత బాధపడుతుంటే, పుట్టుకతోనే మర్యాదస్తుడైన అతను మాత్రం ఏం చేస్తాడు?

కాటా అక్క వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. వద్దు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"చాలా థాంక్సండీ. సరేనండి," అన్నాడు భర్త, "ఉంటాను."

పిల్ల కంచంలోంచి తలెత్తి నాన్న వైపు చూసింది.

"నువ్వెప్పుడు వెళ్తున్నావ్ నాన్నా?"